అరికాళ్ళ మంట ఒకటి, బిళ్ళలు ఐదు రకాలు

ప్రశ్న: డాక్టరు గారికి నమస్కారములు. మాది తణుకు. నాకు డెబ్బై రెండేళ్ళు. హైస్కూల్లో లెక్కల మాస్టారుగా చేసి రిటైరయ్యాను. పదహారేళ్ళుగా షుగరు ఉంది. మెట్‌ఫార్మిన్ 1000 రెండు పూటలా, గ్లిమెపిరైడ్ పొద్దున ఒకటి వేసుకుంటాను. పరగడుపున గ్యాస్ బిళ్ళ, పాంటోప్రజోల్ 40, ఎన్నో ఏళ్ళుగా అలవాటు. మేము శాకాహారులం.

రెండేళ్ళ నుంచి అరికాళ్ళు మంటలు. పగలు ఏదో పనిలో పడి మరిచిపోతాను. రాత్రి నడుం వాల్చగానే మొదలవుతాయి. పాదాలు దుప్పటి బయట పెట్టి, తడి తువ్వాలు చుట్టుకుని పడుకుంటున్నాను. నడుస్తుంటే కాలి చెప్పు జారిపోయినా తెలియడం లేదు. మా ఆవిడ వెనక నుంచి చెబితే చూసుకుంటున్నాను.

ఇప్పుడు వాడుతున్నవి ఇవి. మెడికల్ షాపులో ఇచ్చిన నరాల బిళ్ళ: మిథైల్‌కోబాలమిన్ 1500 మైక్రోగ్రాములు, ఆల్ఫా లిపోయిక్ యాసిడ్ 100 మి.గ్రా., ఫోలిక్ యాసిడ్ 1.5 మి.గ్రా., పిరిడాక్సిన్ 3 మి.గ్రా. ఒక డాక్టరు గారు రాసిన రాత్రి క్యాప్సూల్: ప్రీగాబాలిన్ 75 మి.గ్రా., మిథైల్‌కోబాలమిన్ 750 మైక్రోగ్రాములు. ఒక బీకాంప్లెక్స్: అందులోనూ పిరిడాక్సిన్ 3 మి.గ్రా. డల్లాస్‌లో ఉన్న మా అబ్బాయి పంపిన సీసా, రోజుకు రెండు క్యాప్సూల్స్: రెండింట్లో కలిపి ఆల్ఫా లిపోయిక్ 600, బెన్‌ఫోటియమిన్ 300, బీ6 100 మి.గ్రా. చివరిది, యూట్యూబులో చూసి తెప్పించిన పసుపు, మిరియాల సారం క్యాప్సూల్. నెలకు మూడు వేలు దాటుతోంది. మంట తగ్గలేదు సరికదా, పొద్దున లేవగానే తూలిపోతున్నాను. ఆ మధ్య బీ12 పరీక్ష చేయిస్తే 238 వచ్చింది. నార్మలే అన్నారు ల్యాబులో. వీటిలో ఏవి ఉంచాలి, ఏవి మానాలి? ఇంజెక్షన్లు చేయించుకుంటే మేలంటున్నారు, నిజమేనా?
— విశ్రాంత ఉపాధ్యాయుడు, తణుకు

జవాబు: మాస్టారూ, నమస్కారం. మీరు బిళ్ళల పేర్లతో సరిపెట్టకుండా పాళ్ళు కూడా రాసి పంపినందుకు ముందుగా కృతజ్ఞతలు. నా దగ్గరికి వచ్చే పెద్దవాళ్ళలో చాలామంది "ఎర్ర బిళ్ళ, పొడుగు క్యాప్సూల్" అని చెబుతారు. వాళ్ళను తప్పుపట్టడానికి లేదు. పది బిళ్ళల స్ట్రిప్పులోంచి నాలుగు కత్తిరించి కాగితం కవరులో వేసి ఇస్తారు. మందు పేరు సగం ఈ ముక్క మీద ఉంటుంది, పాళ్ళు, గడువు తేదీ రెండో ముక్క మీద ఉండిపోతాయి. ఆ రెండో ముక్క షాపులోనే ఉంటుంది. ఇది చదువుతున్నవాళ్ళంతా ఒక పని చేయండి. స్ట్రిప్పు మొత్తం కొనకపోయినా ఫర్వాలేదు, కత్తిరించకముందే దాని వెనక వైపు ఫోనులో ఫొటో తీసుకోండి. ఏ డాక్టరుకైనా ఆ ఫొటో మీ నోటి మాట కంటే ఎక్కువ చెబుతుంది.

మీరు లెక్కల మాస్టారు కనుక లెక్కతోనే మొదలుపెడతాను. పిరిడాక్సిన్ అన్నా బీ6 అన్నా ఒకటే. నరాల బిళ్ళలో 3, బీకాంప్లెక్సులో 3, అబ్బాయి పంపిన సీసాలో 100. రోజుకు 106 మిల్లీగ్రాములు మింగుతున్నారు. మన ఒంటికి కావలసింది దాదాపు 2 మిల్లీగ్రాములు. అది పప్పులు, అరటిపండు, బంగాళాదుంపల నుంచే వచ్చేస్తుంది. మిగిలినదంతా మూత్రంలో పోతుందిలే అనుకుంటారు. బీ6 విషయంలో ఆ ధీమా పనికిరాదు. ఇది ఎక్కువైతే నరాలే దెబ్బతింటాయి, అదీ స్పర్శ తెలిపే నరాలు. 1983లో అమెరికాలో కొందరు వైద్యులు ఏడుగురు రోగుల గురించి రాశారు. వాళ్ళు రోజుకు 2 నుంచి 6 గ్రాముల దాకా బీ6 వాడారు. పాదాలు, చేతులు మొద్దుబారి నడకలో తూలు వచ్చింది. అవి చాలా పెద్ద మోతాదులు, నిజమే. కానీ తరవాతి కాలంలో అంతకంటే ఎంతో తక్కువ మోతాదులు నెలల తరబడి వాడినవాళ్ళలోనూ ఇదే ఇబ్బంది బయటపడుతూ వచ్చింది. యూరప్ ఆహార భద్రతా సంస్థ 2023లో పెద్దవాళ్ళకు రోజుకు 12 మిల్లీగ్రాములే పైహద్దు అని తేల్చింది. ఆస్ట్రేలియాలో రోజు మోతాదు 10 మిల్లీగ్రాములు దాటితే నరాలు దెబ్బతినవచ్చన్న హెచ్చరిక సీసా మీద ఉండాల్సిందే. అమెరికాలో మాత్రం 100 దాకా అన్న పాత హద్దే నడుస్తోంది కాబట్టి అక్కడి సీసాల మీద అంత పెద్ద అంకెలు కనిపిస్తాయి.

కాబట్టి ముందు మానాల్సింది ఆ సీసా. మీ మంటలు, తిమ్మిర్లు దానివల్లే వచ్చాయని నేను అనడం లేదు. పదహారేళ్ళ షుగరు ఉంది, ఇంకో బలమైన అనుమానమూ ఉంది, అది కింద చెబుతాను. కానీ నరాల నొప్పికి వేసుకునే మందే నరాలకు చేటు చేసే వీలున్నప్పుడు దాన్ని ఒక్కరోజు కూడా కొనసాగించకూడదు. మానేశాక మొదటి కొన్ని వారాలు బాధ కాస్త పెరిగినట్టు అనిపించవచ్చు. బీ6 ఎక్కువైన కొందరిలో అలా జరిగి, ఆ తరవాత నెమ్మదిగా తగ్గుతుంది. కంగారుపడి మళ్ళీ మొదలుపెట్టకండి. అబ్బాయి మీద విసుక్కోకండి. దూరాన ఉండి మీ బాధ విని, తనకు చేతనైనది పంపాడు. ఈసారి సీసా బదులు, మీ బీ12 రిపోర్టు, కిడ్నీ పనితీరు చెప్పే క్రియాటినిన్ రిపోర్టు చూసి మీ డాక్టరుతో ఒకసారి ఫోనులో మాట్లాడమనండి.

ఇక్కడే ఇంకో మాట. టీబీ మందుల్లో ఐసోనియజిడ్ వాడేవాళ్ళకు బీ6 డాక్టర్లే ఇస్తారు, ఆ మందు బీ6ను హరిస్తుంది కాబట్టి. పైన రాసింది చదివి వాళ్ళు ఆ బిళ్ళ మానకూడదు.

ఇప్పుడు బీ12. మీ బిళ్ళల్లో ఉన్న మిథైల్‌కోబాలమిన్ దీని రూపమే. మీ ఉత్తరంలో నన్ను ఎక్కువసేపు ఆపింది ఈ 238 అంకే. చాలా ల్యాబుల్లో 200 దాటితే రిపోర్టులో నార్మల్ అని పడుతుంది. 200కు, 300కు మధ్య ఉన్నవాళ్ళలో కొందరికి లోటు ఉంటుంది, కొందరికి ఉండదు. ఆ ఒక్క అంకె చూసి రెండిట్లో ఏదో తేల్చలేం. మనిషిని చూడాలి. మిమ్మల్ని చూస్తే బీ12 లోటుకు దారితీసేవి నాలుగున్నాయి. వయసు పైబడితే కడుపులో ఆమ్లం తగ్గి, తిండిలోని బీ12 విడివడదు. మెట్‌ఫార్మిన్ ఏళ్ళ తరబడి వాడితే బీ12 ఒంటికి పట్టడం తగ్గుతుంది. 2022లో బ్రిటన్ ఔషధ నియంత్రణ సంస్థ ఈ సంగతి గట్టిగా గుర్తుచేసి, లక్షణాలున్నవాళ్ళకు పరీక్ష చేయించమని డాక్టర్లకు చెప్పింది. మీ గ్యాస్ బిళ్ళ ఉన్న ఆ కాస్త ఆమ్లాన్నీ అణిచేస్తుంది. ఇక శాకాహారం. బీ12 కూరల్లో, పప్పుల్లో ఉండదు. మీకు వచ్చేదల్లా పాలు, పెరుగు, మజ్జిగల నుంచే. చద్దన్నం తింటే బీ12 వస్తుందని, స్పిరులినాలో బోలెడుందని వీడియోలు తిరుగుతున్నాయి. చద్దన్నం హాయిగా తినండి, కానీ లోటు దానితో తీరదు. స్పిరులినాలో ఉన్నది ఎక్కువగా మన ఒంటికి పనికిరాని రూపం.

ఆ పరీక్ష నరాల బిళ్ళలు మొదలుపెట్టకముందు చేయించారో, తరవాతో మీరు రాయలేదు. అది చాలా ముఖ్యం. ముందు చేయించినదైతే, పై నాలుగు కారణాలు పెట్టుకుని 238 అంటే లోటే అనుకుని వైద్యం చేయడం సబబు. తరవాత చేయించినదైతే నా అనుమానం ఇంకా పెరుగుతుంది. రోజూ 1500, 750 కలిపి 2250 మైక్రోగ్రాములు మింగుతున్న మనిషికి మామూలుగా ఆ అంకె ఎంతో పైకి పోవాలి. పోలేదంటే బిళ్ళ రోజూ సరిగ్గా వేసుకోవడం లేదో, పేగు తీసుకోవడం లేదో చూడాలి. తేలకపోతే మిథైల్ మలోనిక్ యాసిడ్ అనే పరీక్ష ఉంది. బీ12 తగ్గితే రక్తంలో ఇది పెరుగుతుంది. కాస్త ఖరీదే గానీ, మీరు నెలకు మూడు వేలు పోస్తున్నదానికంటే ఇలాంటి పరీక్షకు పెట్టిన డబ్బు సార్థకం. కిడ్నీ పనితీరు తగ్గినా ఇది పెరుగుతుంది కనుక క్రియాటినిన్ కూడా పక్కన పెట్టుకుని చూడాలి.

ఇంజెక్షనా, బిళ్ళా అని అడిగారు. లోటు తేలితే, చెప్పు జారినా తెలియని మీ స్థితిలో నేనైతే మొదట ఇంజెక్షన్లతోనే మొదలుపెడతాను. నరాలు దెబ్బతిన్న సూచనలున్నప్పుడు నిల్వలు త్వరగా నింపడం మంచిది. ఎన్ని, ఎన్నాళ్ళకోసారి అన్నది మిమ్మల్ని చూసిన డాక్టరు రాస్తారు. ఆ తరవాత బిళ్ళకు మారవచ్చు. పెద్ద మోతాదులో మింగిన బీ12లో ఏ వందో వంతో, కడుపులో తయారయ్యే ప్రత్యేక ప్రొటీను సాయం లేకుండానే పేగుల గుండా ఒంట్లోకి చేరుతుంది. 1000 మైక్రోగ్రాముల బిళ్ళలో అంటే పది. రోజుకు కావలసింది రెండు, రెండున్నర. చాలామందికి అది సరిపోతుంది. మిథైల్‌కోబాలమినే వాడాలని, సయనోకోబాలమిన్ పనికిరాదని షాపుల్లో చెబుతారు. చవకైన సయనోకోబాలమిన్ కూడా లోటు తీరుస్తుంది, ఖరీదైనది అంతకంటే మేలన్న గట్టి రుజువు లేదు. ఇంకో సంగతి, ఓపిక పట్టాలి. రక్తం వారాల్లో కోలుకుంటుంది. నరాలకు నెలలు పడుతుంది, ఆరు నెలలు, ఏడాది. పోయినదంతా తిరిగి రాకపోవచ్చు. కానీ ఇంకా పోకుండా ఆపడం మన చేతిలో ఉంది. అందుకే తొందరపెడుతున్నాను.

మీ నరాల బిళ్ళలో 1.5 మిల్లీగ్రాముల ఫోలిక్ యాసిడ్ ఉంది. దాని కథ మీ జిల్లాదే. భీమవరంలో పుట్టిన యల్లాప్రగడ సుబ్బారావు గారు అమెరికాలోని లెడర్లీ ప్రయోగశాలలో నడిపించిన బృందమే 1945లో ఫోలిక్ యాసిడ్‌ను తయారుచేసి చూపింది. అప్పట్లో ప్రాణాలు తీసే ఒక రకం రక్తహీనతకు దాన్ని వాడి చూశారు. రక్తం పట్టింది, ముఖం తేటపడింది. కానీ నరాల జబ్బు ఆగలేదు, కొందరిలో ముదిరింది. ఎందుకంటే వాళ్ళలో అసలు లోటు బీ12. 1948లో బీ12ను వేరుచేశాక గానీ ఆ చిక్కు వీడలేదు. కాబట్టి బీ12 లోటును సరిచేయకుండా ఒక్క ఫోలిక్ యాసిడ్ వేసుకోవడం ప్రమాదం. రక్త పరీక్ష బాగుంటుంది, లోపల నరం పోతూనే ఉంటుంది. రక్తం పట్టడానికని ఫోలిక్ బిళ్ళలు మాత్రమే కొనుక్కుని వాడే పెద్దవాళ్ళున్న ఇళ్ళన్నీ ఈ సంగతి గుర్తుపెట్టుకోవాలి.

ఆల్ఫా లిపోయిక్ యాసిడ్ గురించి ఉన్నదున్నట్టు చెబుతాను. ఇది పూర్తిగా ఉత్తుత్తి మందు కాదు. జర్మనీలో దశాబ్దాలుగా వాడుతున్నారు. 2006లో వచ్చిన ఒక అధ్యయనంలో రష్యా, ఇజ్రాయెల్‌లోని 181 మంది షుగరు రోగులకు అయిదు వారాలు ఇచ్చి చూశారు. మంట, పోట్లు కొంత తగ్గాయి. రోజుకు 600 మిల్లీగ్రాములు ఇచ్చినవాళ్ళకు, 1800 ఇచ్చినవాళ్ళకు ఫలితంలో చెప్పుకోదగ్గ తేడా లేదు, ఎక్కువ ఇచ్చినవాళ్ళకు వాంతులు, వికారం మాత్రం ఎక్కువ. అది అయిదు వారాల సంగతి. నాలుగేళ్ళు ఇచ్చి చూసిన ఇంకో అధ్యయనం 2011లో వచ్చింది, అందులో ముఖ్యమైన కొలతలో తేడా తేలలేదు. 2024లో ఇలాంటి పరీక్షలన్నిటినీ కలిపి తూచిన కాక్రేన్ సమీక్ష, ఆరు నెలలు దాటాక బాధ తగ్గడంలో దీని ప్రభావం దాదాపు లేనట్టే అంది. మీ నరాల బిళ్ళలో ఉన్న 100 మిల్లీగ్రాములు ఆ పరీక్షల్లో వాడిన మోతాదుకు ఆరో వంతు. అది ఉన్నా ఒకటే, లేకున్నా ఒకటే.

మీకు వాడి చూడాలనే ఉంటే నేను అడ్డుపడను. కానీ బీ12 సంగతి తేలాక, విడిగా ఒక్క ఆల్ఫా లిపోయిక్ 600, పరగడుపున, మూడు నెలలు. మొదలుపెట్టే ముందు వారం రోజులు, రాత్రి మంటకు పదికి ఎన్ని మార్కులో డైరీలో వేయండి. పరీక్ష పేపర్లు దిద్దిన చేతికి ఇది కష్టం కాదు. మూడు నెలల తరవాత మార్కులు మారకపోతే ఆపేయండి. మీరు గ్లిమెపిరైడ్ వాడుతున్నారు, దీనితో షుగరు ఇంకా తగ్గే వీలుంది. కాబట్టి మొదటి వారాల్లో గ్లూకోమీటరుతో తరచు చూసుకోవాలి. చెమటలు, వణుకు, దడ వస్తే వెంటనే పంచదార నీళ్ళు తాగి డాక్టరుకు ఫోను చేయాలి.

బెన్‌ఫోటియమిన్ బీ1కు ఇంకో రూపం. కొద్ది వారాల అధ్యయనాల్లో కొంత మేలు కనిపించింది, రెండేళ్ళు చూసిన దాంట్లో లేదు. రోజూ మద్యం తాగేవాళ్ళకు బీ1 లోటు వస్తుంది, వాళ్ళ సంగతి వేరు. మీకు అక్కర్లేదు. పసుపు క్యాప్సూల్ ఆపేయండి. పప్పులో, కూరలో వేసే చిటికెడు పసుపుతో దాన్ని పోల్చకూడదు. మిరియాల సారం కలిపితే పసుపులోని పదార్థం ఒంటికి ఎన్నో రెట్లు ఎక్కువగా పడుతుంది. అలాంటి క్యాప్సూల్స్ వాడినవాళ్ళలో లివరు దెబ్బతిన్న సందర్భాలు వైద్య పత్రికల్లో నమోదయ్యాయి.

సీసాల మీద ఒకటి గమనించండి. మన దేశంలో ఆహార భద్రతా సంస్థ ఎఫ్‌ఎస్‌ఎస్‌ఏఐ లైసెన్సు నంబరుతో వచ్చేవి ఆహారంగా అమ్ముడవుతున్నవి. మందుకు కావలసిన పరీక్షలు వాటికి అక్కర్లేదు. వైద్యానికి వాడేది కాదన్న మాట ఆ డబ్బా మీదే చిన్న ఇంగ్లీషు అక్షరాల్లో ఉంటుంది. ముందు వైపు నరాల బొమ్మ పెద్దగా ఉంటుంది. భూతద్దం పెట్టుకునైనా వెనక వైపు చదవండి.

మీరు తూలడానికి కారణం రాత్రి క్యాప్సూల్ కావచ్చు. దాన్ని మీరు విటమిన్ల వరసలో రాశారు. అందులో బీ12తో పాటు ఉన్న ప్రీగాబాలిన్ అసలైన నొప్పి మందు. నరాల మంటకు బాగా పనిచేసే మందుల్లో ఒకటి. మత్తు, తూలు, పాదాల వాపు దాని స్వభావం. కిడ్నీలు మందగిస్తే ఒంట్లో పేరుకుంటుంది, మోతాదు తగ్గించాలి. అందుకే క్రియాటినిన్ చూడకుండా ఈ వయసులో వాడకూడదని నా అభిప్రాయం. విటమిన్ క్యాప్సూల్ అనుకుని ఇంట్లో ఇంకొకరికి ఇచ్చేవాళ్ళను చూశాను. అలా చేయొద్దు. దీన్ని ఉన్నట్టుండి ఆపకూడదు కూడా, డాక్టరు చెప్పినట్టు మెల్లగా తగ్గించాలి. ఆయనకు మీరు తూలుతున్న సంగతి చెప్పండి. డ్యులోక్సెటిన్, అమిట్రిప్టిలిన్ అని ఇంకో రెండున్నాయి. 2022లో బ్రిటన్‌లో ఈ మూడింటినీ పోల్చి చూస్తే నొప్పి తగ్గించడంలో దాదాపు సమానంగా ఉన్నాయి. కాబట్టి ఎవరికి ఏ మందు ఇబ్బంది పెట్టదో చూసుకుని ఎంచుకోవడమే. ప్రోస్టేటు గ్రంథి పెరిగిన మగవాళ్ళకు అమిట్రిప్టిలిన్‌తో మూత్రం ఆగిపోయే భయం ఉంది, ఆ సంగతి మీ డాక్టరుతో దాచకండి. రాత్రి లేచేటప్పుడు లైటు వేసి, మంచం పట్టీ మీద ఒక నిమిషం కూర్చుని లేవండి. ఈ వయసులో తుంటి ఎముక విరిగితే మంట సంగతే మరిచిపోవాల్సి వస్తుంది.

పైపూతల్లో క్యాప్సైసిన్ క్రీము ఉంది. మన గుంటూరు మిరపకాయలో కారం ఇచ్చేది అదే పదార్థం. నొప్పి, వేడి తెలిపే నరపు చివరల్ని అది మొదట రెచ్చగొట్టి, పూస్తూ పోతే మొద్దుబారేలా చేస్తుంది. ఆ నరపు చివర్ల మీద క్యాప్సైసిన్ తగిలే చోటును కనిపెట్టినందుకే అమెరికా శాస్త్రవేత్త డేవిడ్ జూలియస్‌కు 2021లో నోబెల్ వచ్చింది. మొదటి వారం మంట పెరుగుతుంది, తట్టుకోవాలి. చర్మం పగిలినచోట, పుండు మీద పూయకూడదు. పూశాక చేతులు సబ్బుతో కడగాలి. వంటింట్లో మిరపకాయలు నూరి పాదాలకు రాసుకున్నవాళ్ళు బొబ్బలతో వస్తారు. అది ఎంత మాత్రం చేయకండి.

అసలు పాదాలకే ఎందుకు ముందు వస్తుందంటే, ఒంట్లో అన్నిటికంటే పొడుగు నరాలు నడుము నుంచి కాలి వేళ్ళ దాకా పోయేవే. గోదావరి కాలువలో నీరు తగ్గితే ముందు ఎండేది శివారు పొలమే కదా. షుగరే కారణం అనుకుని మిగతావి వదిలేయకూడదు. హెచ్‌బీఏ1సీ (మూడు నెలల షుగరు సగటు చెప్పే పరీక్ష), థైరాయిడ్, క్రియాటినిన్, రక్తంలో ప్రొటీన్ల పరీక్ష చేయించండి. ఒంటి మీద స్పర్శ లేని పాలిపోయిన మచ్చలున్నాయేమో డాక్టరుకు చూపించండి, కుష్ఠు మన దగ్గర పూర్తిగా పోలేదు. మెట్‌ఫార్మిన్ మాత్రం మానకండి, మంచి మందు, బీ12 చూసుకుంటూ వాడుకోవచ్చు. గ్యాస్ బిళ్ళ ఇంకా కావాలా అని మాత్రం అడగండి. ఎప్పుడో కడుపు మంటకు మొదలుపెట్టి, అడిగేవాళ్ళు లేక ఏళ్ళకేళ్ళు సాగేది ఆ ఒక్క బిళ్ళే.

పాదాల గురించి గట్టిగా చెప్పాలి. స్పర్శ పోయిన పాదానికి ఎంసీఆర్ (మెత్తని మైక్రోసెల్యులర్ రబ్బరు) చెప్పులు కొనండి, వెనక పట్టీ ఉన్నవి. ఇంట్లో కూడా వేసుకోండి. వేసవిలో మధ్యాహ్నం గుడిలో వట్టి కాళ్ళతో ప్రదక్షిణ చేసి, సాయంత్రానికి అరికాలంతా బొబ్బలతో వచ్చినవాళ్ళకు ఎందరికో కట్లు కట్టాను. రాయి కాలుతున్నట్టు వాళ్ళకు తెలియలేదు. పొద్దుటి దర్శనానికి వెళ్ళండి, మందమైన మేజోళ్ళు వేసుకోండి. దేవుడు ఏమీ అనుకోడు. వేడినీళ్ళు కాలితో కాదు, మోచేత్తో చూడండి, వీలైతే మీ ఆవిడగారిని చూడమనండి. రోజూ రాత్రి చిన్న అద్దం పెట్టి అరికాలు చూసుకోండి. నొప్పి లేని పుండును కూడా మర్నాడే డాక్టరుకు చూపించాలి. కాళ్ళలో బలం రోజురోజుకూ కింది నుంచి పైకి తగ్గుతూ వచ్చినా, ఒక పాదం ఉన్నట్టుండి వాలిపోయినా, మూత్రం మీద అదుపు తప్పినా విటమిన్ల లెక్కలు పక్కన పెట్టి అదే రోజు పెద్దాసుపత్రికి వెళ్ళాలి.

ప్రశ్న: మేడమ్, మా అమ్మకు 68 ఏళ్ళు. రొమ్ము క్యాన్సర్‌కు పాక్లిటాక్సెల్ కీమో నడుస్తోంది. వేళ్ళ చివర్లు మొద్దుబారి రవికె గుండీలు పెట్టుకోలేకపోతోంది. ఎసిటైల్ ఎల్-కార్నిటిన్ వేస్తే నరాలు దెబ్బతినవని ఒకరు చెప్పారు. కొనమంటారా?
— ఒక కూతురు, కరీంనగర్

జవాబు: కొనకమ్మా. ఇదే మందును, ఇదే రకం కీమో తీసుకుంటున్న రొమ్ము క్యాన్సర్ రోగుల మీద అమెరికాలో పెద్ద పరీక్ష చేశారు. ఫలితాలు 2013లో వచ్చాయి. నరాలు కాపాడుతుందనుకున్న మందు వాళ్ళ తిమ్మిర్లను ఇంకా పెంచింది. కీమో జరుగుతున్న రోజుల్లో ఏ సప్లిమెంటయినా, కషాయమైనా, ఆంకాలజిస్టును అడగకుండా ఇవ్వకండి. గుండీలు పెట్టుకోలేకపోతోందన్న మాట మాత్రం తరవాతి కీమోకు ముందే ఆయనకు చెప్పండి. మోతాదు తగ్గించాలో, మందు మార్చాలో, విరామం ఇవ్వాలో ఆ మాట మీదే ఆధారపడుతుంది. మంట, నొప్పి ఉంటే డ్యులోక్సెటిన్ గురించి అడగండి, కీమో తరవాతి నరాల నొప్పికి పరీక్షల్లో నిలిచిన మందు అదే. బీ12 ఒకసారి చూడమనండి. అమ్మకు గుండీల రవికెల బదులు ముందు వైపు ప్రెస్ బటన్లు కుట్టించండి. వంటింట్లో వేడి గిన్నెలు, కత్తిపీట ఆమె చేతికి ఇవ్వకండి.

ప్రశ్న: నమస్తే డాక్టర్ గారూ. మా నాన్నగారికి 76. కాళ్ళ నొప్పులకు విటమిన్ డి 60,000 యూనిట్ల క్యాప్సూల్ వారానికొకటి రాశారు. ఆయన మూడు వారాలుగా రోజూ వేసుకుంటున్నారని నిన్ననే తెలిసింది. నీరసంగా ఉన్నారు, మలబద్ధకం, దాహం ఎక్కువైంది. విటమినే కదా, ఆపితే సరిపోతుందా?
— అనంతపురం

జవాబు: ఆపడంతో సరిపోదు. ఈ పత్రిక చేతికి వచ్చిన రోజే రక్తంలో కాల్షియం, క్రియాటినిన్ పరీక్ష చేయించి, రిపోర్టుతో ఫిజీషియన్ దగ్గరికి తీసుకెళ్ళండి. విటమిన్ డి ఎక్కువైతే రక్తంలో కాల్షియం పెరుగుతుంది. మీరు రాసిన దాహం, మలబద్ధకం, నీరసం దాని గుర్తులే. వాంతులు, మాట తడబడటం, మగత కనిపిస్తే రాత్రయినా సరే ఆసుపత్రికి వెళ్ళండి. కాల్షియం బిళ్ళలు ఏవైనా వాడుతుంటే అవీ ఆపండి. ఈ విటమిన్ కొవ్వులో నిల్వ ఉంటుంది, వారాలూ నెలలూ పట్టి గానీ దిగదు. కాబట్టి ఒకసారి పరీక్ష బాగుందని ఊరుకోకుండా డాక్టరు చెప్పినప్పుడల్లా మళ్ళీ చేయించండి. గుండె, బీపీ మందుల చీటీ, ఖాళీ స్ట్రిప్పులు అన్నీ వెంట తీసుకెళ్ళండి. డిగాక్సిన్ అనే గుండె మందు గానీ, నీరు పోవడానికి ఇచ్చే థయజైడ్ బిళ్ళ గానీ వాడుతుంటే ఆ సంగతి డాక్టరుకు అన్నిటికంటే ముందు చెప్పండి.